ఒక్క అచ్చు, రెండు కేకులు: ఫడ్జీ తిమింగలం ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలెట్టాను

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు పెరిగినవాళ్లకి ఫడ్జీ ద వేల్‌ని పరిచయం చెయ్యక్కర్లేదు. కార్వెల్ అనే ఐస్‌క్రీమ్ దుకాణాలవాళ్లు 1977లో ఫాదర్స్ డే కోసం తెచ్చిన కేకు అది. తిమింగలం ఆకారం, ఒంటినిండా ఫడ్జ్ అనే చిక్కటి చాక్లెట్ పూత, అమాయకంగా నవ్వే మొహం. లోపల స్పాంజి కేకు ఉండదు, అంతా ఐస్‌క్రీమే. నాకు మోజు పుట్టించింది ఆ కేకు కాదు, దాని అచ్చు. జూన్‌లో తిమింగలం చేసిన అచ్చునే డిసెంబర్‌లో నిలువుగా తిప్పి శాంటాక్లాజ్ చేసి అమ్మేవాళ్లట. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ ఎక్కడ ఏ ఆకారం కనిపించినా మెడ పక్కకి వంచి చూడటం అలవాటైపోయింది.

ఈ వేసవిలో నాన్న నూజివీడు నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఫాదర్స్ డేకి ఇంట్లోనే తిమింగలం చేసి, అదే అచ్చుని తిప్పి ఇంకో కేకు తీయాలన్నది ఆలోచన. ఆ రెండోది ఏమవుతుందో ముందుగా అనుకోలేదు, అచ్చు చేతికొచ్చాక చూద్దాంలే అనుకున్నాను. షరతులు రెండే: గుడ్డు ఉండకూడదు, జెలటిన్ ఉండకూడదు. నాన్న రెండూ తినరు.

విషయం చెప్తే ఆయన మొదటి మాట: "ఏరా, జన్మలో చేప ముట్టనివాణ్ణి. ఇప్పుడు తిమింగలం తినమంటావా?"

మా అమ్మాయి వెంటనే, "తాతయ్యా, తిమింగలం చేప కాదు, మనలాగే పాలిచ్చే జంతువు" అంది. అది విన్నాక ఆయనకి ఇంకా ఇబ్బందైంది.

అచ్చు

బజార్లో దొరికే సిలికాన్ అచ్చులు చూశాను. చాలావరకు అరచేతిలో పట్టేవే. పెద్దవి దొరికినా కళ్లూ నోరూ పొలుసులూ ముందే చెక్కేసి ఉంటాయి. అలాంటి అచ్చులోంచి ఎప్పటికీ ఒకే బొమ్మ వస్తుంది. నాకు కావలసింది ఉత్త చుట్టుగీత.

అందుకని అట్టముక్క మీద బొమ్మ గీశాను. పొడవు 11 అంగుళాలు, వెడల్పు 7. ఒళ్లు గుండ్రంగా, ఒక చివర తోక సన్నబడి మళ్లీ రెండుగా విచ్చుకుంటుంది. గీత దిద్దుతున్నప్పుడు ఒకటి తేలింది: తోక మెడ దగ్గర ఎంత సన్నంగా ఉంటే తిమింగలం అంత బాగుంటుంది, అచ్చులోంచి తీసేటప్పుడు అంత తేలిగ్గా విరుగుతుంది కూడా. అందంగా ఉందనిపించిన సన్నదనాన్ని పక్కనపెట్టి, మెడని రెండున్నర అంగుళాల దగ్గర ఆపాను.

హార్డ్‌వేర్ షాపులో దొరికే పల్చటి అల్యూమినియం రేకులోంచి రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీ కోసి, అట్టబొమ్మ చుట్టూ వంచాను. మలుపులకి పచ్చడి జాడీ, పూరీల కర్ర ఆసరా అయ్యాయి. చివరలు ఒకదాని మీద ఒకటి వేసి బయటి వైపు క్లిప్పులు పెట్టాను. అడుగూ పైకప్పూ లేని కంచె ఇది. ఐస్‌క్రీమ్‌కి రేకు తగలకుండా లోపల పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పట్టీ, అంటే బేకరీల్లో మెత్తటి కేకుల చుట్టూ చుట్టేది, వరసగా అమర్చాను. అడుగున గట్టి అట్ట, దాని మీద బేకింగ్ కాగితం. క్లిప్పు తీస్తే కంచె విచ్చుకుంటుంది కాబట్టి అచ్చుని వేడినీళ్లలో ముంచి కేకు బయటికి లాగే పని తప్పింది.

పట్టీ కోసిన అంచు బ్లేడుతో సమానం. చేతికి గ్లౌజులు, ఆ అంచుల మీద మడిచి అంటించిన టేపు, రెండూ తప్పనిసరి.

లెక్క వేస్తే లోపల ఇంచుమించు రెండు లీటర్లు పడుతుంది. ఇక్కడి సూపర్ మార్కెట్‌లో డబ్బా అంటే క్వార్టున్నర, 1.4 లీటర్ల చిల్లర. రెండు డబ్బాలు కొంటే మిగలాలి, కానీ అంతగా మిగలదు. ఐస్‌క్రీమ్‌లో మనం కొనేదాంట్లో బోలెడంత గాలి. మెత్తబరిచి గరిటెతో కలిపితే కొంత గాలి పోయి పరిమాణం తగ్గుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం గ్యాలన్ ఐస్‌క్రీమ్ కనీసం నాలుగున్నర పౌండ్లు తూగాలి, పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. అంటే లీటరుకి అర కిలో పైచిలుకు తూగితే చాలన్నమాట. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు డబ్బాలు చేత్తో ఎత్తి చూసి బరువున్నది తీసుకున్నాను. డబ్బా మీద "ఐస్‌క్రీమ్" అనే మాట బదులు "ఫ్రోజెన్ డెయిరీ డెజర్ట్" అని రాసి ఉంటే అది ఆ లెక్కకి అందనిదని అర్థం. ఈ పనికి అలాంటిది వద్దు.

క్రంచీలు

కార్వెల్ కేకుకి ప్రాణం మధ్యలో ఉండే ఆ నల్లటి కరకరలాడే పొర. చాక్లెట్ ఐస్‌క్రీమ్‌కీ వెనిలాకీ నడుమ బిస్కెట్ పొడి ఉత్తినే చల్లితే మర్నాటికి తడిసి మెత్తబడిపోతుంది. బిస్కెట్ నీళ్లు పీల్చుకుంటుంది, కొవ్వు ఆ నీళ్లని అడ్డుకుంటుంది. కాబట్టి ప్రతి పలుకుకీ కొవ్వు తొడుగు వెయ్యాలి.

నల్ల చాక్లెట్ బిస్కెట్లని మరీ పొడి చెయ్యకుండా పెసరగింజంత పలుకులుగా నలగ్గొట్టాను. కరిగించిన చాక్లెట్‌లో రెండు చెంచాల కొబ్బరినూనె కలిపి అందులో పొర్లించి, పళ్లెంలో పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక చేత్తో విడదీశాను. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకన్నా చల్లటిది తగిలితే క్షణాల్లో గడ్డకడుతుంది. చాక్లెట్‌ని పల్చన చేస్తుంది, తగలగానే పెంకు కట్టిస్తుంది.

వంటగదిలో కొబ్బరినూనె సీసా చూసి నాన్న, "తలకి రాసుకునేది ఐస్‌క్రీమ్‌లో పోస్తున్నావేంట్రా?" అన్నారు. మా నూజివీడు వైపు ఆయనకి తెలిసిన వాడకం అదొక్కటే. కేరళలో కూరలన్నీ దాంతోనే కదా అంటే, "వాళ్లు పోసుకుంటారు, మనం రాసుకుంటాం" అని అక్కడితో తేల్చేశారు. పళ్లెంలో క్రంచీలు మాత్రం వచ్చీపోయీ పిడికెడు చొప్పున తగ్గాయి. కేకుకి ఎంత కావాలో దానికి సగం ఎక్కువ చేసి పెట్టుకోండి, ఇంట్లో మనుషులున్నారు కదా.

పొరలు

ఇక్కడ తొందరపడకూడదు. ఐస్‌క్రీమ్‌ని బల్ల మీద కాకుండా ఫ్రిజ్ కింది అరలో అరగంట ఉంచితే అన్ని వైపులా ఒకేలా మెత్తబడుతుంది. గరిటె దిగాలి, ఐస్‌క్రీమ్ కారకూడదు. పూర్తిగా కరిగి మళ్లీ గడ్డకడితే సన్నటి మంచు పలుకులు పెద్దవై నాలుకకి ఇసుకలా తగులుతుంది. దుకాణాల్లో ఈ ఇబ్బంది లేదు. మెషీన్‌లోంచి వచ్చే సాఫ్ట్ ఐస్‌క్రీమ్ ఇంకా మెత్తగా ఉండగానే నేరుగా అచ్చులోకి పడుతుంది, తర్వాత బాగా చల్లటి గదిలో గట్టిపడుతుంది. మన ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది.

అడుగున చాక్లెట్ అంగుళం మందం. మూలల్లో గాలి ఉండిపోకుండా చెంచా వెనకవైపుతో నొక్కాను, ముఖ్యంగా తోక కొనల్లో. రెండు గంటలు ఫ్రీజర్. పైన క్రంచీలు, అంచుదాకా పోకుండా అర అంగుళం ఎడంగా. అంచుదాకా పోతే రెండు పొరలూ అతుక్కోవు, కోసినప్పుడు పైది జారిపోతుంది. ఆపైన వెనిలా. పైన ప్లాస్టిక్ కాగితం పరిచి నొక్కి, మూసి, రాత్రంతా ఫ్రీజర్‌లోనే. ఇప్పటి ఫ్రీజర్లు మంచు పేరుకోకుండా తమంతట తామే కొద్దిగా వేడెక్కి చల్లబడుతుంటాయి. మూత లేని కేకు మీద ఆ ఎగుడుదిగుడంతా కనబడుతుంది.

గడ్డకట్టేలోపు: టామ్ కార్వెల్

ఫ్రీజర్ తలుపు మూశాక మన పనేం లేదు. నాన్నకి ఈ కేకు పుట్టుపూర్వోత్తరాలు చెప్తూ కూర్చున్నాను.

టామ్ కార్వెల్ అసలు పేరు అథనాసియోస్ కార్వెలాస్. 1906లో గ్రీసులో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. 1934లో మెమోరియల్ డే సెలవుల్లో న్యూయార్క్ శివారు హార్ట్స్‌డేల్‌లో అతని ఐస్‌క్రీమ్ బండి టైరు పంక్చరైంది. సరుకు కరిగిపోతుందని పక్కనున్న ఖాళీ స్థలంలో బండి నిలిపి, మెత్తబడుతున్న ఐస్‌క్రీమ్‌నే దారినపోయేవాళ్లకి అమ్మాడు. జనం ఇష్టంగా తిన్నారు. తిరగక్కర్లేదు, ఒకచోట ఉన్నా వస్తారు, గట్టిగా లేకపోయినా తింటారు అని అక్కడే అర్థమైంది. తర్వాత ఆ చోటే దుకాణమైంది. ఐస్‌క్రీమ్ మెషీన్లు తనే తయారుచేసుకుని, దుకాణాలు నడపడం నేర్పడానికి ఒక శిక్షణ కేంద్రం కూడా పెట్టాడు. ఫ్రాంచైజీ పద్ధతిని మొదట్లోనే పట్టుకున్నవాళ్లలో ఇతనొకడు. 1989లో కంపెనీ అమ్మేశాడు, మరుసటి ఏడు పోయాడు.

అయితే జనానికి గుర్తున్నది ఆ వ్యాపారం కాదు, ఆ గొంతు. రేడియో, టీవీ ప్రకటనలకి తనే మాట్లాడేవాడు. బొంగురు గొంతు, తడబాట్లు, రిహార్సల్ లేదని తెలిసిపోయే ధోరణి. యూట్యూబ్‌లో పాతవి దొరుకుతాయి. నాన్నకి పెట్టి చూపిస్తే ఇంగ్లీషు సగమే అందినా పెదాలు విరిచి నవ్వారు. "వీడు సరుకు అమ్మట్లేదురా, బతిమాలుతున్నాడు" అన్నారు. నాకు తోచనిది ఆయనకి తోచింది.

డెబ్భైల మొదట్లో వచ్చిన ఇంకో కార్వెల్ కేకు, కుకీ పుస్, ఇంకా విచిత్రం. బర్త్‌డే అనే గ్రహం నుంచి దిగిన గ్రహాంతరవాసి అట. మొదట పెట్టుకున్న పేరు సెలెస్టియల్ పర్సన్. ముక్కుకి ఐస్‌క్రీమ్ కోన్, కళ్లకి బిస్కెట్లు. మార్చిలో ఐరిష్‌వాళ్ల పండగ సెయింట్ పాట్రిక్స్ డే రాగానే అదే కుకీ ఓ'పుస్ అయిపోతుంది. 1983లో బీస్టీ బాయ్స్ అనే న్యూయార్క్ కుర్రాళ్లు ఒక కార్వెల్ దుకాణానికి ఫోన్ చేసి కుకీ పుస్‌ని పిలవమని ఆటపట్టించి, ఆ సంభాషణకి బీట్ కలిపి రికార్డు వేశారు. అప్పటిదాకా పంక్ వాయించుకునే ఆ జట్టు హిప్‌హాప్ వైపు తిరిగింది దాంతోనే. 2018లో న్యూయార్క్ రాష్ట్రంలోని కెప్టెన్ లారెన్స్ అనే బీరు కంపెనీ ఫాదర్స్ డేకి ఫడ్జీ పేరుతో బీరే తీసింది, క్రంచీలూ ఫడ్జ్ వేసి మరీ. బీరు సంగతి నాన్నకి చెప్పలేదు.

నా లెక్కలో ఈ కేకులు గొప్పగా ఉండి నిలబడలేదు. బ్రిటన్‌లో 1982లో వచ్చిన వియనెట్టా చూడండి, అలలు అలలుగా ఐస్‌క్రీమ్, మధ్యమధ్య పల్చటి చాక్లెట్ రేకులు. అందమంటే అది. కానీ దానికి మొహం లేదు, ఫోన్ చేసి పిలవమనడానికి ఎవరూ లేరు. ఫడ్జీకి ఉన్నది కళ్లూ నోరే. అవి దుకాణంలో ఎవరో చేత్తో పెట్టేవి. పూటపూటకీ నవ్వు కాస్త వంకరగా మారుతుంది. పిల్లలు తమ పుట్టినరోజు కేకుని గుర్తుపెట్టుకునేది ఆ వంకర వల్లే.

ఫడ్జ్, మొహం

కంచె విప్పాను. ప్లాస్టిక్ పట్టీ లాగితే అంచులు నున్నగా వచ్చాయి, తోక నిలిచింది. మళ్లీ గంట ఫ్రీజర్.

అంచుల చుట్టూ క్రీమ్ పూత. జెలటిన్ లేకుండా గిలక్కొట్టిన క్రీమ్ నిలబడాలంటే పాలపొడి చాలు. కప్పు క్రీమ్‌కి రెండు చెంచాలు, కాస్త పంచదార పొడి. గడ్డకట్టిన కేకుకి తగలగానే క్రీమ్ బిగుసుకుపోతుంది, తీరిగ్గా నునుపు చేసే వ్యవధి ఉండదు. జూన్‌లో న్యూజెర్సీ గాలిలో తేమ ఎంతుంటుందో తెలుసు కదా, కేకు బయట ఉన్న ప్రతి నిమిషం దాని మీద చెమట పడుతుంది. ఏసీ పెంచి, ఒక వైపు పూసి ఫ్రీజర్‌లో పెట్టి, తీసి రెండో వైపు పూశాను.

ఒంటి మీదికి ఫడ్జ్. మామూలు చాక్లెట్ సాస్ పోస్తే గట్టి పలకలా బిగిసి కత్తి దిగదు. క్రీమ్, చాక్లెట్‌తో పాటు కార్న్ సిరప్ వేసి కాచాలి. చక్కెర పాళ్లు పెరిగేకొద్దీ గడ్డకట్టే చలి ఇంకా కిందికి దిగుతుంది, ఫ్రీజర్‌లో కూడా ఫడ్జ్ సాగుతూనే ఉంటుంది. గోరువెచ్చగా కూడా కాదు, పూర్తిగా చల్లార్చి, ఇంకా జారుతుండగా పోయాలి.

ఇక మొహం. తెల్ల క్రీమ్‌తో గుండ్రటి కన్ను, మధ్యలో చాక్లెట్ చుక్క. దీని దగ్గరే అందరం ఆగిపోయాం. క్రీమ్ కాగితం మీద వేసి గడ్డకట్టించిన కన్నుని పట్టకారుతో పట్టుకుని అక్కడా ఇక్కడా పెట్టి చూశాం. పైన, నెత్తికి దగ్గరగా పెడితే చుంచెలుకలా కనిపించింది. ముక్కు కొసన పెడితే కోపంగా ఉంది. మా ఆవిడ దాన్ని తీసుకుని బాగా కిందికి, నోటి మూలకి ఆనుకునేలా పెట్టింది. వెంటనే తిమింగలమైపోయింది. నిజం తిమింగలానికీ కన్ను అక్కడే, నోటి చివర. చుట్టుగీత మారలేదు, ఫడ్జ్ మారలేదు, కన్ను రెండంగుళాలు జరిగిందంతే.

అసలు ఫడ్జీ మీద ఫాదర్స్ డేకి "టు ఎ వేల్ ఆఫ్ ఎ డాడ్" అని రాస్తారు. మా అమ్మాయి "తాతయ్యకి" అని తెలుగులో రాసింది. వత్తులూ దీర్ఘాలూ క్రీమ్‌తో రాయాలంటే గొట్టం మూతి బాగా సన్నగా ఉండాలని అప్పుడు తెలిసింది.

నాన్న తోక ముక్క అడిగారు. "అటు మొహం లేదు కదా" అన్నారు.

తిప్పితే

రెండో కేకు ఏంటన్నది తేల్చింది కూడా ఆయనే. ఖాళీ కంచె కడిగి ఆరబెట్టడానికి సింకు పక్కన తోక పైకి వచ్చేలా నిలబెట్టాను. కాఫీ తాగుతూ చూసి, "మామిడికాయలా ఉందేంట్రా ఇది" అన్నారు. ఒళ్లు కాయ, తోక మెడ ముచిక, విచ్చుకున్న కొనలు రెండాకులు. నూజివీడు మనిషికి అలా కాక ఇంకెలా కనబడుతుంది!

రసాలు ఇక్కడ దొరకవు. ఇండియా నుంచి విమానంలో వచ్చే పెట్టెలున్నాయి కానీ ఆ ధరకి గుజ్జు తీసి గడ్డకట్టించడానికి చెయ్యి రాదు. ఓక్ ట్రీ రోడ్డు ఇండియన్ దుకాణాల్లోంచి డబ్బా గుజ్జు తెచ్చాను. మామిడి గుజ్జు తయారీకి మన చిత్తూరు జిల్లా పెట్టింది పేరు, అక్కడి తోతాపురి గుజ్జు దేశాలు దాటిపోతుంది.

గుజ్జులో నీళ్లెక్కువ, ఉన్నదున్నట్టు గడ్డకడితే పుల్ల ఐస్ అవుతుంది. రెండు కప్పుల గుజ్జుని అడుగు మందం గిన్నెలో సన్నటి సెగ మీద కలుపుతూ కప్పుకి దిగేదాకా కాచాను. చల్లారాక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, అంటే 396 గ్రాములు, చిటికెడు ఉప్పు, అర చెక్క నిమ్మరసం. విడిగా రెండు కప్పుల క్రీమ్ గిలక్కొట్టి, అందులో ఈ మిశ్రమాన్ని కిందినుంచి పైకి తిప్పుతూ కలిపాను. మెషీన్ అక్కర్లేదు, క్రీమ్‌లో గాలి, పాలలో చక్కెర, రెండూ కలిసి మెత్తగా ఉంచుతాయి. కంచెలో ముప్పాతిక వంతు నిండింది. మిగతా భాగానికి అడుగున వెనిలా పరిచాను. మధ్యలో క్రంచీల బదులు నువ్వుల జీడి మిఠాయి నలగ్గొట్టిన పలుకులు. నువ్వులకి ఎలాగూ నూనె ఉంది, మామిడి పక్కన తడిసి మెత్తబడలేదు.

పైపూతకి తెల్ల చాక్లెట్, కొబ్బరినూనె, పసుపు రంగు. ఆకులకి పిస్తా పొడి. భుజం మీద కాస్త ఎర్రటి రంగు స్పాంజితో అద్దితే ఎండ తగిలిన వైపు వచ్చేసింది. కళ్లు పెట్టాలా వద్దా అని ఇంట్లో చర్చ. మా అమ్మాయి పెట్టాలంది, నాన్న వద్దన్నారు. పెట్టలేదు. ఫొటోల్లో చూస్తే చక్కగా ఉంది, పంక్తిలో వడ్డించే స్వీటంత మర్యాదగా ఉంది. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో మాత్రం అందరూ అడిగింది తిమింగలం గురించే.

ఇప్పటి స్థితి

కంచె భద్రంగా ఉంది. మలుపులు సాగకుండా లోపల అట్టబొమ్మ పెట్టి గోడకి తగిలించాను. అడ్డంగా తిప్పి, తోక ఎడమవైపుకి వస్తే ఏమవుతుందో ఇంకా చూడాలి. మా ఆవిడ వీణ అంటోంది, తంత్రులకి పంచదార పాకం తీగలు లాగాలట. పాకం తేమకి గంటలో కారిపోతుంది కాబట్టి నేను ఒప్పుకోలేదు.

మా అమ్మాయి పుట్టినరోజు అక్టోబర్‌లో. దానికి కుకీ పుస్ కావాలట. అచ్చు తేలికే, గుండ్రటి పళ్లెం చాలు. చిక్కంతా ముక్కు దగ్గరే: కోన్‌ని కరిగిన చాక్లెట్‌లో లోపలా బయటా ముంచి ఆరబెట్టి, కేకు బల్ల మీదికి తెచ్చే ముందు మాత్రమే గుచ్చాలి. ముందే గుచ్చి ఫ్రీజర్‌లో పెడితే తలుపు మూసుకోదు.